దశమస్కంధంలో పసితనపు ముచ్చట్లు: చెప్పేవారు, వినేవారు

పోతన భాగవతంలోని బాలకృష్ణ ఘట్టాలను వాత్సల్యానికి నిలయాలుగా చెప్పడం తెలుగు విమర్శలో స్థిరపడిన పద్ధతి. వత్సలాన్ని పదో రసంగా అంగీకరించిన సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు, వత్సలభక్తిని శాస్త్రంగా రూపొందించిన రూపగోస్వామి సమకూర్చిన పరిభాష చేతిలో ఉండడం వల్ల ఈ ఘట్టాల వ్యాఖ్యానం సులువైంది. శిశువు ఆలంబనం, అతని తప్పటడుగులు ఉద్దీపనం, తల్లి పులకింత అనుభావం. ఈ లెక్క తప్పు కాదు. అయితే ఇందులో ఒక ప్రశ్నకు చోటు లేదు. ఆ తప్పటడుగులనూ, పగిలిన కుండలనూ ఎవరు చెబుతున్నారు? ఎవరికి చెబుతున్నారు?

ఈ ప్రశ్నతో చదివితే దశమస్కంధ పూర్వభాగంలోని శైశవకథ మరో రకంగా కనిపిస్తుంది. బిడ్డను గురించి లోకంతో అందరికంటె తక్కువ మాట్లాడేది తల్లే. బిడ్డ ఎదుగుదలను కవి చెబుతాడు, ఇరుగుపొరుగు స్త్రీలు చెప్పుకుంటారు. బిడ్డ చేసిన అల్లరిని గోపికలు చెబుతారు, తోటి పిల్లలు చెబుతారు. యశోద పదిమంది ముందు నోరు విప్పినప్పుడు బిడ్డ ఏమేమి చేయలేడో మాత్రమే చెబుతుంది. ఈ పంపకాన్ని యాదృచ్ఛికమని తోసివేయడం కష్టం. తెలుగు గృహాలలో పసిబిడ్డను గురించి మాట్లాడే మర్యాద ఒకటి ఉంది. దాని నీడ ఈ కావ్యభాగం మీద గాఢంగా పడింది.

వేడుకలో వినపడని ఏడుపు

సంస్కృత మూలంలో దశమస్కంధం ఏడో అధ్యాయం ఒక వేడుకతో మొదలవుతుంది. దాని పేరు ఔత్థానికం. శిశువు ఒత్తిగిలడానికి సంబంధించిన ఉత్సవంగా వ్యాఖ్యాతలు దానిని వివరించారు. తెలుగువారి మాటలో అది బోర్లాపడిన పండుగ. ఆనాడే బిడ్డ జన్మనక్షత్రం కూడా కలిసి వచ్చింది. వ్రేపల్లె స్త్రీలు కూడారు, వాద్యాలు మోగాయి, విప్రులు మంత్రాలు చదివారు, తల్లి బిడ్డకు మంగళస్నానం చేయించింది. నిద్ర ముంచుకొస్తున్న బిడ్డను ఒక బండి కింద పడుకోబెట్టి, వచ్చినవారిని ఆదరించడంలో మునిగిపోయింది. బిడ్డ పాలకోసం ఏడ్చాడు. తల్లికి ఆ ఏడుపు వినపడలేదని మూలం స్పష్టంగా చెబుతుంది. ఏడుస్తూ పైకెత్తిన కాలు తగిలి బండి తలకిందులైంది. అందులోని రసభాండాలు పగిలిపోయాయి.

శకటాసురభంజనంగా ప్రసిద్ధమైన ఈ కథలో అసురుని సంగతి పక్కన పెట్టి ఘట్టం నిర్మాణాన్ని చూడాలి. బిడ్డ ఎదుగుదలను లోకంతో పంచుకునే వేడుకలోనే ప్రమాదం జరిగింది. ఆ వేడుక ఏ బిడ్డ కోసమో ఆ బిడ్డ గొంతు అక్కడ వినపడలేదు. ఆ పక్కనే ఆడుకుంటున్న పిల్లలు జరిగింది చూశారు. ఏడుస్తూ ఈ బిడ్డే తన్నాడని చెప్పారు. పెద్దలు నమ్మలేదు, పిల్లల మాట అని తీసివేశారు. ఒకే ఘట్టంలో రెండు గొంతులు చెవిన పడకుండా పోయాయి, రెండూ పసిగొంతులే. పోతన ఈ కథాంశాన్ని వదలకుండా తెలుగు చేశాడు. పండితులు ఇందులో అద్భుతాన్నీ, హాస్యాన్నీ చూపారు. అతిథుల మధ్య తల్లి చెవి మూసుకుపోవడం మీద ఎవరి దృష్టీ నిలిచినట్లు లేదు. బిడ్డ తొలి అడుగును చేతిఫోనులో బంధించి, బంధువులకు పంపి, వచ్చిన ప్రశంసలకు బదులిచ్చే వేళ ఆ బిడ్డ ఎటు నడిచి వెళ్ళాడో చూసుకోని ఇళ్ళున్న కాలంలో ఈ ఘట్టం పాతబడిందని చెప్పడం కష్టం.

ఇంతకుముందు ఆరో అధ్యాయంలోనూ ఇదే భయం ఉంది. పూతన బిడ్డను చూడవచ్చిన అతిథిగానే లోపలికి వచ్చింది. ఆమె వన్నెకు భ్రమసి తల్లులిద్దరూ చూస్తూ నిలబడిపోయారు. ఎనిమిదో అధ్యాయంలో గర్గుడు నామకరణం చేసింది రహస్యంగా. కంసుని భయం వల్ల వాద్యాలు లేవు, బంధువులు లేరు, గోశాలలో పని ముగిసింది. పుట్టిన నాటినుంచి బిడ్డ జీవితంలోని ప్రతి ఘట్టానికీ ఒక చూపు భయం వెన్నంటి ఉంది. పోతన వర్ణనలో బిడ్డను చూడవచ్చిన గోపికలు నూనె అంటి, పసుపు పూసి, నీళ్ళు చుట్టి తిప్పి, తొట్టెలో వేసి జోల పాడతారు. తెలుగింటి పురిటిగది అక్కడ కళ్ళకు కడుతుంది. ఆ జోల కూడా తల్లి నోట కాక గోపికల నోట వినిపించడం గమనించదగినది.

పళ్ళెంలో పెట్టిన మాట

దిష్టి భయాన్ని మూఢనమ్మకమని ఒక్క మాటతో ముగిస్తే దాని భాషాపరమైన ఫలితం కనపడకుండా పోతుంది. బిడ్డలు దక్కని ఇంట పుట్టినవాడిని పెంటకుప్ప మీద పెట్టి తీసి పెంటయ్య అని పిలిచారు. తవుడుకు అమ్మి కొన్నట్లు నటించి తవుడు అని, తవిటయ్య అని పిలిచారు. బుగ్గమీద నల్లచుక్క అందాన్ని తగ్గించడానికి పెట్టింది. బిడ్డ బాగున్నాడని తల్లి నోరారా అనకూడదు. ఎదుటివారు అంటే ఆ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ దిగదుడవాలి. ఇటువంటి చోట తల్లి తన ఆనందాన్ని ఏ భాషలో చెప్పాలి?

తెలుగు గృహిణి దానికి కనిపెట్టిన ఉపాయం నోటితో చెప్పకుండా వంటతో చెప్పడం. బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. ప్రాంతాన్నిబట్టి, ఇంటినిబట్టి ఈ వరుసలో మార్పులుంటాయి. ఈ జంటలను వేడుక పేర్లుగా పేర్కొనడమే గాని వాటి నిర్మాణాన్ని ఛందోదృష్టితో చూడడం అరుదు. బో–బొ, కూ–కు, గ–గా, అ–అ అనే జంటలన్నీ యతిమైత్రికి నిలిచేవే. నవ్వితే నువ్వుండలు అన్నప్పుడు మాత్రం న, ను అనే అక్షరాలకు అచ్చుల మైత్రి లేదు. అక్కడ రెండో అక్షరమైన ద్విత్వ వకారం ఆదుకుంటుంది. రెండు మాటలకూ తొలి అక్షరం గురువు కావడం వల్ల ప్రాస కూడా సరిపోతుంది. పలుకులకు చిలకలు అన్నప్పుడూ అంతే. ప, చి అనే అక్షరాలకు పొత్తు లేదు, లకారం కలుపుతుంది, తొలి అక్షరాలు రెండూ లఘువులు. యతి తప్పినచోట ప్రాసయతి వేయడం పద్యకవులు ఆటవెలదిలో, తేటగీతిలో చేసే పనే. లక్షణగ్రంథం చదవని స్త్రీలు వంటింట్లో ఆ నియమాన్ని పాటించారు. పలుకుకు పంచదార చిలకను జతచేయడంలో శబ్దంతోపాటు అర్థం కూడా కలిసింది, పలికే పక్షి అదే కనుక.

ఈ జంటల ప్రయోజనం అలంకారం ఒక్కటే కాదు. పొరుగింటికి బొబ్బట్లు వెళితే బిడ్డ బోర్లాపడ్డాడని చెప్పనక్కరలేదు. అరిసెలు వెళితే నడిచాడని వేరే కబురు అక్కరలేదు. యతి కుదిరిన కారణంగా పిండివంటే వార్త అయింది. తల్లి నోటినుంచి ప్రశంస వెలువడలేదు, కాబట్టి దిష్టి తగిలే సందు లేదు. పంచుకోవడం అనే తెలుగు మాటకు వస్తువును పంచడం, మనసులోది చెప్పుకోవడం అనే రెండర్థాలున్నాయి. ఈ ఆచారంలో మొదటి అర్థం రెండోదాని పని చేసింది.

ఇదే ఆచారంలో లేనిదేమిటో కూడా చూడాలి. పడిపోయినందుకు, ఒలకబోసినందుకు, పగలగొట్టినందుకు ఏ వంటా లేదు. బిడ్డ పడితే పెద్దలు నేలను కొట్టి, తప్పంతా నేలదే అంటారు. అపరాధానికి బిడ్డను కర్తగా చేసే వాక్యం తల్లి నోట పుట్టదు. ఆ వాక్యాన్ని పొరుగువారే చెప్పాలి. దశమస్కంధంలో వారు చెప్పారు.

గోపికల ఫిర్యాదు, యశోద నిరాకరణ

గోపికలు యశోదతో చెప్పుకున్న మొరలు పోతన రచనలో మూలం కన్నా విస్తరించాయి. బిడ్డలకు పాలు లేవని తల్లులు కుందుతుంటే దూడలను ఆవుల మీదికి వదిలాడు. అందని ఉట్టిని పీటలూ రోళ్ళూ పేర్చి అందుకున్నాడు. ఒక ఇంట పెరుగు తాగి, కొంచెం తెచ్చి కోడలి మూతికి పూశాడు. కోడలే దొంగ అని అత్త ఆమెను కొట్టింది. ఈ చివరి మొరను హాస్యానికి ఉదాహరణగా చూపడం పరిపాటి. నవ్వు రాకపోదు. కాని దెబ్బ తిన్నది కోడలు. ఆమె ఎంత ఆకలితో ఉంటే అత్తకు అనుమానం అంత త్వరగా వచ్చిందో ఆ కందం చెప్పదు. ఊరు విడిచి పోతామనే దాకా వచ్చిన గోపికల మాటలో పసివాని అల్లరితోపాటు అత్తలున్న ఇళ్ళలో పాలూ పెరుగూ ఎవరి అధీనంలో ఉంటాయన్న సంగతి కూడా దాగి ఉంది. పిల్లవాని కథ చెబుతూ స్త్రీలు తమ కథ చెప్పుకున్నారు.

ఈ ఫిర్యాదులను మరో రకంగా కూడా చదవవచ్చు. ప్రతి నేరమూ ఒక ఎదుగుదలకు సాక్ష్యం. దూడను వదిలినవాడికి ముడి విప్పడం వచ్చు. రోళ్ళు పేర్చినవాడికి ఎత్తు లెక్క తెలుసు. ఒక ఇంటి పెరుగును మరొకరి మూతికి పూసినవాడికి నింద ఎలా పుడుతుందో తెలుసు. గడప దాటిననాడు ఏ గారెలు పంచారో ఆ గడప దాటడం వల్లనే పొరుగింటి కడవ పగిలింది. గోపికలు కోపంతో చెప్పినది బిడ్డ పెంపకానికి ఒక పూర్తి లెక్క. తల్లి తానుగా రాసుకోని ఆ లెక్కను పొరుగువారు రాసిపెట్టారు.

యశోద జవాబు ఈ దృష్టితో చూస్తే ఎంతో నేర్పు గలది. సంస్కృత మూలంలో ఆమె వాదించదు. భయంతో బెదురుతున్న బిడ్డ కళ్ళను చూసి మందలించడానికి ఇష్టపడలేదని మాత్రమే ఉంటుంది. పోతన ఆమెకు మాట ఇచ్చాడు. తన బిడ్డ చన్ను విడిచి అటూ ఇటూ కదలడని, పొరుగిళ్ళ దారి ఎరగడని, ఇంకా కన్ను తెరవడమే సరిగా రాదని ఆమె వాదం. నేరాన్ని కాదనడానికి ఆమె ఎదుగుదలనే కాదంటుంది. నడిచిన బిడ్డను నడవనివాణ్ణి చేసి, మళ్ళీ ఒడిలోకి లాక్కుంటుంది. ఏ తల్లికైనా గొప్పగా చెప్పుకోవలసిన సంగతులను పదిమంది ముందు ఆమె ఒక్కొక్కటిగా చెరిపేస్తుంది. బిడ్డ మాయను ఎరగని తల్లి అమాయకత్వంగా భక్తిపరులైన వ్యాఖ్యాతలు దీనిని చెప్పారు. పాఠకుడు ఎరిగిన పరతత్త్వాన్ని యశోద ఎరగకపోవడం కావ్యంలో నిజంగానే ఉన్న వైరుధ్యం. కాని కళ్ళు తెరవలేని పసివాడని చెప్పేటప్పుడు ఆ పసివాడు అక్కడే, ఆమె పక్కనే నిలబడి ఉండడానికి అవకాశముంది. యశోదకు అది తెలియకపోదు. ఆమె మాటను అమాయకత్వం కన్నా రక్షణగా చదవడమే సందర్భానికి సరిపోతుంది. దిష్టిచుక్క చేసే పనిని ఇక్కడ ఒక సీసమో కందమో కాక తల్లి అబద్ధం చేస్తున్నది.

దీని వెంటనే వచ్చే మృద్భక్షణ ఘట్టం ఈ పఠనానికి ఊహించనంత బలం ఇస్తుంది. బలరాముడూ తోటి గోపబాలురూ వచ్చి కృష్ణుడు మన్ను తిన్నాడని చెబుతారు. ఈసారి పిల్లల మాటను తల్లి నమ్మింది. చేయి పట్టుకుని నిలదీసింది. పోతన కృష్ణుడు ఇచ్చే జవాబు తెలుగునాట పిల్లలు కూడా ఎరిగినదే: మన్ను తినడానికి తాను శిశువునా, ఆకలిగొన్నవాడినా, వెర్రివాడినా అని ఎదురు ప్రశ్న. గోపికల ముందు తల్లి, బిడ్డ ఇంకా చంటివాడు కనుక ఆ పని చేయలేదంది. తల్లి ముందు బిడ్డ, తాను శిశువు కాడు కనుక ఆ పని చేయలేదంటాడు. రెండు నిరాకరణలకూ మధ్య పట్టుమని కొన్ని పద్యాల దూరమే ఉంది. ఎదుగుదలను ఒకరు వెనక్కి జరిపారు, మరొకరు ముందుకు జరిపారు, ఇద్దరూ తప్పించుకోజూసింది నేరాన్నే. బాల్యం ఎంతవరకు అన్న తగవులో బిడ్డకు తన పక్షం ఉందని, దానిని తానే వాదించగలడని ఈ పద్యంలో మొదటిసారి తేలుతుంది. మూలంలో కృష్ణుడు తినలేదని, వారంతా అబద్ధమాడుతున్నారని, కావాలంటే నోరు చూడమని అంటాడు. శిశువును కానన్న వాదం పోతన చేర్చినది. విశ్వరూపదర్శనం మీద విమర్శకుల దృష్టంతా నిలవడం సహజమే గాని, దానికి ముందున్న ఈ చిన్న తర్కం కూడా పోతన మనసును చూపిస్తుంది.

చిలికే చోట పాడిన పాట

అయితే యశోద తన బిడ్డ ముచ్చట్లను ఎక్కడా చెప్పలేదా? చెప్పింది. మూలంలో తొమ్మిదో అధ్యాయం మొదట్లో, దాసీలు వేరు పనులలో ఉండగా ఆమె స్వయంగా పెరుగు చిలుకుతూ, బిడ్డ చేష్టలను తలుచుకుంటూ, వాటినే పాటగా పాడుతుంది. వినేవారు ఎవరూ లేరు. చేయి కవ్వపుతాడు మీద, మనసు బిడ్డ మీద. పొగడ్త కాదు గనుక దిష్టి లేదు, ఫిర్యాదు కాదు గనుక జవాబు అక్కరలేదు. తల్లి కథనానికి కావ్యం ఇచ్చిన చోటు ఇదొక్కటే. ఆ పాట నడుస్తుండగానే పాటలోని బిడ్డ పాలకోసం వచ్చి కవ్వాన్ని పట్టుకుంటాడు. పొంగుతున్న పాలకోసం ఆమె లేచి వెళ్ళగానే పెరుగుకుండ పగులుతుంది. ఆ తరువాతి కర్ర, పరుగు, రోలు, రెండంగుళాలు తక్కువైన తాడు అందరికీ తెలిసినవే. ఈ ఒక్క అల్లరిని తల్లి ఎవరి నోటా వినలేదు, స్వయంగా చూసింది. నిరాకరించడానికి ఎవరూ లేని చోట మాత్రమే ఆమె కోపగించుకుంది.

పనిలో పాడుకునే ఆ పాటకు వారసత్వం తెలుగు కావ్యాలలో కన్నా స్త్రీల పాటలలో ఎక్కువగా దొరుకుతుంది. తమిళంలో బిడ్డ ఎదుగుదల ఒక కావ్యప్రక్రియే అయింది. పిళ్ళైత్తమిళ్‌లో పది పరువాలు, పరువానికి పది పాటలు; తల ఎత్తి ఊగడం, చేతులు చరచడం, ముద్దివ్వడం, అడుగులేసి రావడం, చందమామను పిలవడం అన్నీ అందులో వరుసగా వస్తాయి. అంతకుముందే పెరియాళ్వారు యశోద గొంతుతో కృష్ణుని శైశవాన్ని గానం చేశాడు. తెలుగులో అటువంటి స్థిరమైన ప్రక్రియ ఏర్పడలేదు. తమిళం పరువాలుగా కట్టినదానిని తెలుగు పిండివంటలుగా వండింది. పురుషకవి తల్లి గొంతును తీసుకోవడానికి బదులు, పోతన తల్లి మౌనాన్ని తీసుకున్నాడు. వీటిలో ఏది ఎక్కువ అన్న పోలిక అక్కరలేదు గాని, రెండో దారిలో తల్లి గొంతు కోసం కావ్యం వెలుపల వెతకక తప్పదు.

ఆ వెతుకులాటకు దారి వేసినవారు లేకపోలేదు. బిరుదురాజు రామరాజు 1958లో ప్రచురించిన ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ లాలి, జోల పాటలకు విశ్వవిద్యాలయ పరిశోధనలో గౌరవస్థానం కల్పించింది. తెలుగు స్త్రీల రామాయణపు పాటలపై వెల్చేరు నారాయణరావు 1991లో ప్రచురించిన పరిశీలన, ఆ పాటలు యుద్ధాలకన్నా గర్భం, ప్రసవం, పసిబిడ్డ సంరక్షణ వంటి ఇంటి సంగతులకు ఎక్కువ చోటిచ్చాయని చూపింది. దేవుళ్ళ పేర్లతో స్త్రీలు తమ ఇళ్ళ సంగతులు చెప్పుకున్నారన్న ఆ గ్రహింపు ఈ చర్చకు కీలకం. కౌసల్య బిడ్డ అంటే దిష్టి తగలదు. సొంత బిడ్డను పొగడలేని తల్లి రాముణ్ణి పొగడవచ్చు.

ఆధునిక గద్యంలో ఈ పంపకం తారుమారైంది. ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’లో ఫిర్యాదు చేసేవాడు బుడుగే. అమ్మనూ నాన్ననూ రాధ, గోపాలం అని పేర్లతో పిలుస్తూ, పెద్దల తప్పులను తానే ఏకరువు పెడతాడు. గోపికల స్థానంలోకి కృష్ణుడే వచ్చి కూర్చున్నట్లయింది. మన్ను తిన్నానా అని ఎదురు ప్రశ్నించిన గొంతుకు అయిదు శతాబ్దాల తరువాత సొంత పుస్తకం దొరికింది. అక్కడ కూడా తల్లి మాట తక్కువే. రాధ బుడుగును గురించి ఏమనుకుంటుందో బుడుగు చెప్పినంతే పాఠకునికి తెలుస్తుంది.

స్త్రీల పాటల సంకలనాలు ఈ లోటును కొంత పూరించగలవు గాని వాటికీ ఒక పరిమితి ఉంది. ముద్రితమైన జోలపాటలలో పాఠం ఉంటుంది, ఎక్కడైనా పాఠాంతరం ఉంటుంది, సేకరించిన ఊరు ఉంటుంది. పాడిన తల్లి అప్పుడు ఏ పని చేస్తున్నదో, బిడ్డకు ఎన్ని నెలలో, అత్తగారు ఆ గదిలో ఉన్నదో లేదో నమోదు కావడం అరుదు. ఎదుట సేకర్త కూర్చుని ఉండగా పాడిన పాట, కవ్వం పట్టుకుని ఒంటరిగా పాడుకున్న పాట ఒకటేనా? సేకర్త కూడా వచ్చి కూర్చున్న అతిథే. అతని ముందు ఆ తల్లి ఏ చరణాలను వదిలేసిందో, ఎవరి బిడ్డ పేరు తీసి ఏ దేవుని పేరు చేర్చిందో, ఇప్పటికీ జోలలు పాడుతున్న వృద్ధస్త్రీలు ఉన్నచోట అడగవలసిన ప్రశ్న.